మెట్ల పక్క బెంచీ దాకా వెళ్ళని పిలుపు

గౌరవనీయులైన న్యాయమూర్తి గారి సముఖమునకు, తమ కోర్టు హాలు గుమ్మం ముందు నిలబడి కక్షిదారులను పేరు పెట్టి పిలుచు అటెండరు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఇస్త్రీ దుకాణం ఆవిడ పిల్ల కేసులో ఆమెను మూడు పర్యాయములు బిగ్గరగా పిలిచితినని నా చేత సంతకం కోరుట గురించియు, అట్టి సంతకం చేయజాలనని మనవి చేయుట గురించియు, ఆ మూడు పిలుపులను పిలుపులుగా లెక్కించవద్దని ప్రార్థించుట గురించియు.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను తమ కోర్టులో పిలుపుల పని మీద ఉన్నవాడను. కేసు వంతు రాగానే పెద్ద గుమాస్తా గారు చీటీ అందిస్తారు. నేను గుమ్మం దగ్గరికి వచ్చి, గడప దాటకుండా, చీటీలోని పేరు మూడుసార్లు పిలవవలెను. మూడో పిలుపుకి కూడా ఎవరూ పలకకపోతే లోపలికి తిరిగి 'లేరు' అని చెప్పవలెను. ఆపైన వాళ్ళ కేసు వాళ్ళు లేకుండానే తేలిపోతుంది. ఇదంతా తమరికి తెలిసినదే. తెలిసినదాన్నే మళ్ళీ రాయడం ఎందుకంటే, ఈ అర్జీలో మొదటినించి చివరిదాకా ఉన్నది ఆ మూడు పిలుపులే.

ఒకప్పుడు నా పని తీసేసి వరండాలో లౌడ్‌స్పీకరు పెట్టించారు. మొదటి వానకే అది మూగబోయింది, నన్ను మళ్ళీ గుమ్మంలో నిలబెట్టారు. అప్పటినించి ఆఫీసులో అందరికీ నేను 'మైకు'ని. మా ఆవిడ తరఫు చుట్టాల పిల్లలు కూడా 'మైకు మామయ్య' అనే అంటారు. నేను గుమ్మంలో పిలిస్తే మెట్లు దాటి, మలుపు తిరిగి, సైకిళ్ళ స్టాండులో నిద్రపోతున్నవాడు ఉలిక్కిపడి లేచేవాడు. గొప్ప కోసం చెప్పడం లేదు. తరవాతి సంగతులకి ఇది అవసరం.

2. పోయిన ఏడాది నాకు ముద్ద దిగకపోవుట సంభవించినది. ఈ మాట అంటే మా ఆవిడ చేతిలో పని ఆపి, "ఏమైందండీ, ఆఫీసులో ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అంది. దిగులు పెట్టుకున్నాననుకుంది పాపం. దిగులు కాదే, నిజంగానే దిగడం లేదు, రొమ్ము వెనకాల ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగిపోతోంది అని చెప్పడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. మొదట రొట్టె ఆగింది. తరవాత మెత్తగా చేసి పెట్టినవీ ఆగాయి. చివరికి నీళ్ళు కూడా, పోదామా వద్దా అని ఆలోచించుకుని గానీ పోయేవి కావు. గొట్టానికి కెమెరా కట్టి మింగించి చూసి, అన్నవాహికలో క్యాన్సర్ అన్నారు. ముందు మందులు ఎక్కించారు, కరెంటు పెట్టారు. ఆ తరవాత ఆపరేషన్ అన్నారు.

3. సదరు ఆపరేషన్ విధము తమరికి తెలియజేయుట అవసరము.

పెద్ద డాక్టరు గారు కాగితం మీద బొమ్మ వేసి మాకు చెప్పారు. "ఛాతీ మొత్తం కోయక్కర్లేదు. పక్కటెముకల మధ్య చిన్న చిల్లులు, పొట్ట మీద ఇంకొన్ని. ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి సన్నటి పనిముట్లు. నేను టీవీలో చూస్తూ చేస్తాను. చెడిపోయిన అన్నవాహిక తీసేసి, మీ పొట్టనే గొట్టంలా కుట్టి, ఛాతీలోంచి పైకి లాగి, మెడ దగ్గర చిన్న కోత పెట్టి అతికిస్తాను."

మా ఆవిడ అంతా విని, "అయితే ఇక ఈయన పొట్ట ఎక్కడుంటుందండీ?" అని అడిగింది.

"గుండె వెనకాల."

"ఆకలేస్తే ఎక్కడ పట్టుకోవాలో ఏమో," అంది. డాక్టరు గారు కూడా నవ్వారు.

ఈ పద్ధతి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పక్క మంచం ఆయనకి ఏదో కారణం చేత ఛాతీ పక్కగా పెద్ద కోతే పెట్టాల్సి వచ్చింది. ఆయన దగ్గు వస్తే దిండు గుండెలకి అదుముకుని ఏడ్చేవాడు. నేను మర్నాడే గోడ పట్టుకుని నడిచాను. బతికి ఉండి ఈ అర్జీ రాస్తున్నానంటే ఆ చిల్లుల పుణ్యమే.

అయితే గొంతుకి పోయే నరం ఒకటి అన్నవాహికని ఆనుకునే పైకి వెళుతుందట. దాని చుట్టూ ఉన్న గ్రంథుల్లోకి జబ్బు పాకుతుంది కాబట్టి వాటిని తీయక తప్పదు. తీసేటప్పుడు నరం ఎంత జాగ్రత్తగా చూసినా నలగవచ్చు. ఇది ముందే చెప్పారు, మేము తెలిసే ఒప్పుకున్నాం. తరవాత నన్ను కూర్చోబెట్టి ఆపరేషన్ వీడియో చూపించారు. అంతా ఎర్రగా, తడిగా, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగుతోంది. మధ్యలో తెల్లటి దారం ఒకటి. మనం కేసు కట్టలు కుట్టే దారం కంటే సన్నం. "ఇదిగో, ఇదే మీ గొంతు. తెగలేదు చూడండి, అలిసిపోయింది. కొన్ని నెలల్లో రావచ్చు. రాకపోవచ్చు కూడా," అన్నారు. ఇన్నేళ్ళూ ఈ భవనాన్ని మోగించింది ఇదా అని నేను అలాగే చూస్తూ కూర్చున్నాను.

4. ఈ అంశం అర్జీలో రాయదగినది కాదని మా ఆవిడ అభిప్రాయము. అయిననూ రాయుచున్నాను.

మత్తు దిగుతున్నప్పుడు నేను ఆసుపత్రిలో లేను. మన కోర్టు వరండాలో, మెట్ల పక్క బెంచీ మీద ఉన్నాను. నా పక్కన, ఎదర, మెట్ల మీద, ఎక్కడ చూసినా జనం. అందరూ తెలిసిన మొహాలే. కేసులు ఏళ్ళ తరబడి నడుస్తాయి, మధ్యలో కక్షిదారు పోతాడు. పోయినట్టు కాగితం దాఖలయ్యే దాకా ఆ పేరు పిలవక తప్పదు. అలా పోయినవాళ్ళని, పోయారని తెలిసీ, వాళ్ళ కొడుకులూ కూతుళ్ళూ ఎదురుగా నిలబడి ఉండగానే, మూడేసిసార్లు పిలిచినవాణ్ణి నేను. వాళ్ళే వీళ్ళు. వంతు కోసం ఓపిగ్గా కూర్చున్నారు. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చారు.

అప్పుడు హాలు గుమ్మం దగ్గరనించి ఎవరో నా పేరు పిలిచారు. మంచి గొంతు. మెట్లు దాటి, మలుపు తిరిగి, సరిగ్గా నా చెవి దగ్గరికి వచ్చింది. అది నా గొంతే. రెండోసారి పిలిచింది. పలకబోతే నోట్లో గొట్టం ఉంది. మూడో పిలుపుకి పలకకపోతే ఏమవుతుందో నాకు తెలుసు కనుక చెయ్యి ఎత్తాను. కళ్ళు తెరిచేసరికి నర్సమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఉంది. "ఎన్నిసార్లు పిలవాలి పెద్దాయనా మిమ్మల్ని?" అంది.

గొట్టం తీశాక మాట్లాడబోతే గాలి వచ్చింది గానీ మాట రాలేదు. నరం వల్ల అన్నారు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, అది నిజమే అయి ఉంటుంది. కానీ నా గొంతు ఆ వరండాలోనే ఉండిపోయిందని నాకు అనిపిస్తుంది. నేను ఇటు వచ్చేశాను, అది గుమ్మంలో నిలబడి వాళ్ళని ఇంకా పిలుస్తూనే ఉంది.

5. సెలవు ముగిసిన పిమ్మట, పిలుపుల పని తప్పించి రికార్డు గదిలో వేయవలసినదిగా కోరితిని. "రంధ్రములు స్వల్పము. నడవగలడు. విధులకు అర్హుడు" అని ఆఫీసు వారు రాసి తిప్పి పంపించారు.

పెద్ద గుమాస్తా గారు చొక్కా ఎత్తి చూపించమన్నారు. చూపించాను. చొక్కా గుండీలంత మచ్చలు. "ఇంతేనా? మా మరదలికి అపెండిక్స్ కోత ఇంతకంటే పొడుగు. నెల తిరక్కుండా బిందెలు మోసింది," అన్నారు. చుట్టూ మూగినవాళ్ళలో ఒకరు, "మైకు కాలిపోయిందా మామా?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా నవ్వుకీ చప్పుడు లేదు.

అయ్యా, బయటినించి చూస్తే తలుపు మీద గీత కూడా లేదు, నిజమే. లోపల మాత్రం వంటిల్లు పీకి పడకగదిలో పెట్టారు. గంటకోసారి గుప్పెడు తినాలి. వెల్లకిలా పడుకుంటే తిన్నది నోట్లోకి వస్తుంది, అందుకని కుర్చీలో కూర్చునే నిద్రపోతాను. పెద్ద గుమాస్తా గారు నిర్దయులేమీ కారు. పని మధ్యలో ఆకలైతే చెయ్యి ఎత్తమన్నారు, చూసి పంపిస్తానన్నారు. ఈ దయ సంగతి మళ్ళీ కింద వస్తుంది.

లౌడ్‌స్పీకరైనా బాగుచేయించమని అడిగాను. అందులో పావురాలు గుడ్లు పెట్టి ఉన్నందున, అవి ఎగిరిపోవు వరకు విషయం వాయిదా వేయడమైనదని జవాబు వచ్చింది.

అప్పటినించి ఉన్న గాలితోనే పిలుస్తున్నాను. గుమ్మం దగ్గరున్నవాళ్ళు విని వెనకవాళ్ళకి అందిస్తారు, వాళ్ళు ఇంకా వెనక్కి అందిస్తారు. అలా బండి నడుస్తోంది.

6. ఇక సదరు కేసు.

ఆవిడది ఇస్త్రీ దుకాణం. చెల్లెలు పోతే చెల్లెలి కూతుర్ని చంటిపిల్లప్పటినించీ పెంచుతోంది. ఇన్నేళ్ళూ అజాపజా లేని తండ్రి ఇప్పుడు వచ్చి, పిల్లని ఇప్పించమని కేసు వేశాడు. నాకు జబ్బు చెయ్యకముందు, మొదటిసారి వచ్చినప్పుడు, ఆవిడ పిల్లని పట్టుకుని గుమ్మం పక్కనే నిలబడింది. పిల్ల ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతూ నీరసపడిపోతోంది. చూడలేక నేనే చెప్పాను.

"ఎందుకమ్మా ఇక్కడ నిలబడతారు? మెట్ల పక్కన బెంచీ ఉంది, పిల్లని పడుకోబెట్టుకోవచ్చు. నా గొంతు అక్కడికి వస్తుంది."

"మర్చిపోరు కదా అన్నయ్యా?"

"నేను మర్చిపోయినా నా గొంతు మర్చిపోదమ్మా. నిశ్చింతగా కూర్చోండి."

ఆ రోజు నేను పిలిస్తే ఒక్క పిలుపుకే వచ్చింది. అప్పటినించి ప్రతి వాయిదాకీ ఆ బెంచీ మీదే కూర్చుంటోంది. నేను సెలవులో ఉన్నన్నాళ్ళూ కేసు పిలుపు దాకా రాకుండానే వాయిదా పడుతూ వచ్చింది కనుక నా ఆపరేషన్ సంగతి ఆవిడకి తెలియదు.

నేను తిరిగి వచ్చాక మొదటి వాయిదా నాడు వాన. వరండా రేకులు మోగిపోతున్నాయి. జల్లు కొడుతోందని గుమ్మం దగ్గరి జనమంతా ఎటో సర్దుకున్నారు. ఆవిడ వకీలు గారు పై అంతస్తులో వేరే కోర్టులో ఉన్నారు. చీటీ అందుకుని పేరు చూడగానే నాకు బెంచీ గుర్తొచ్చింది. గుమ్మం దగ్గరనించి చూస్తే మెట్ల మలుపు అడ్డం, బెంచీ కనపడదు. పిలిచాను. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలుస్తుంటే నా పిలుపు నాకే వినపడలేదు.

లోపలికి తిరిగి, బయట బెంచీ దాకా వెళ్ళి చూసి వస్తానని చెప్పబోయి, మాట రాక చెయ్యి ఎత్తాను. పెద్ద గుమాస్తా గారు నాకు ఆకలేసిందనుకున్నారు. "తరవాత తిందువుగానిలే మైకూ, ముందు ఈ చీటీ అందుకో," అన్నారు. నేను 'లేరు' అని అనలేదు. నా పెదాలు కదలడం చూసి ఆయనే అలవాటుగా రాసేసుకున్నారు. తమరు అప్పుడు తల వంచుకుని కాగితం చదువుకుంటున్నారు. వరసగా ఇంకో నాలుగు చీటీలు ఇచ్చారు, పిలవాల్సి వచ్చింది.

సందు దొరకగానే మెట్ల దగ్గరికి పరిగెత్తాను. బెంచీ మీద పిల్ల ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని ఉంది. ఆవిడ నన్ను చూసి లేవబోయి, పిల్ల లేస్తుందని ఆగింది.

"ఇంకా మా వంతు రాలేదా అన్నయ్యా?" అంది.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆవిడ చెవి దగ్గరికి తెచ్చింది. చెవిలో చెప్పాను.

"పిలిచారా?"

"పిలిచానమ్మా."

"మీరేనా పిలిచింది?"

"నేనే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా మొహం కేసి చూసి, "గొంతుకి ఏమైంది అన్నయ్యా?" అని అడిగింది. మెడ మీద మచ్చ చూపించాను. తన సంచీలోంచి నీళ్ళ సీసా తీసి నా చేతికిచ్చింది. నేను గుటక గుటకగా తాగుతున్నంతసేపూ, "నేను చెవులు రిక్కించుకునే కూర్చున్నాను," అంటూనే ఉంది. ఇంతలో పిల్ల లేచి కళ్ళు నులుముకుంటూ, "పిలిచారా పెద్దమ్మా?" అంది.

వచ్చే నెల ఒకటో తారీకున పిల్లని తండ్రికి అప్పగించవలెనని తమ ఉత్తర్వు.

7. ఆ ఉత్తర్వు రద్దు చేయమని ఆవిడ తరఫున దరఖాస్తు పడినది. మూడుసార్లు బిగ్గరగా పిలిచారు, రాలేదు, దానికి కోర్టు అటెండరే సాక్షి అని తండ్రి తరఫు వకీలు గారి వాదన. అందుమీదట పెద్ద గుమాస్తా గారు "సదరు కక్షిదారును మూడు పర్యాయములు బిగ్గరగా పిలిచితిని. హాజరు కాలేదు" అని టైపు చేయించిన కాగితం నా ముందు పెట్టారు.

"ఉన్నదేగా రాశాం. పిలిచావా లేదా?"

"పిలిచాను సార్."

"మూడుసార్లేనా?"

"మూడుసార్లే."

"మరేమిటి నీ బాధ?"

"బిగ్గరగా కాదు సార్."

"ఏమన్నావు?"

మళ్ళీ చెప్పాను. ఆయన బల్ల మీద నించి వంగి, మళ్ళీ "ఏమన్నావు?" అన్నారు. మూడోసారి చెప్పాను. "ఎదురుగా కూర్చున్నవాడికే వినపడటం లేదు, కాస్త గట్టిగా చెప్పి చావు," అని విసుక్కుని, అంతలోనే ఆగిపోయారు. కలం మూత పెట్టి, మెల్లిగా అన్నారు. "గొంతు లేదని నీ చేత్తో రాసిస్తే ఈ పనిలో ఉంచరు. ఇంకో పని ఇస్తారన్న నమ్మకం లేదు. నీ వైద్యం మధ్యలో ఉంది. ఇంటికెళ్ళి ఆలోచించుకో." ఆయన నా మంచి కోరే చెప్పారు.

ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను. ఆమె నా మందుల డబ్బా సర్దుతోంది. "ఆ పిల్లకి తెలుసా, పంపించేస్తారని?" అని అడిగింది. తెలియదన్నాను. డబ్బా మూత పెట్టి, "సంతకం పెట్టకండి," అంది.

ఆమెకి నేను చెప్పనిది ఒకటుంది. ఆ వాయిదా నాటినించి, కుర్చీలో కళ్ళు మూసుకోగానే నా పాత గొంతు వస్తోంది. పోయినవాళ్ళని పిలవడం మానేసింది. ఇస్త్రీ దుకాణం ఆవిడ పేరు పిలుస్తోంది, వెనకటిలాగే, గోడలు మోగేలా. ఒకసారి పిలుస్తుంది. రెండోసారి పిలుస్తుంది. మూడోసారి పిలవదు. నేను నిటారుగా కూర్చుని ఆ మూడో పిలుపు కోసం చూస్తూ ఉంటాను. ఛాతీలో గుడగుడమంటుంది. గుండె దడో, గుండె వెనకాలి పొట్టలో ఆకలో నాకు తెలియదు. భయం వేస్తుందయ్యా. మూడోసారి కూడా పిలిచేస్తే ఇక అయిపోయినట్టే కదా అని భయం, పిలవకపోతే ఇలా ఎన్నాళ్ళని భయం. మా ఆవిడ లేచి, "ఎవరన్నా పిలిచారా?" అంటుంది. లేదంటాను.

8. కావున తమరు దయతలచి, ఆనాటి నా మూడు పిలుపులు అసలు పిలవనట్టుగా భావించి, ఆ చీటీ మళ్ళీ బయటికి తీయించి, గొంతు ఉన్నవారెవరి చేతనైనా ఆ పేరు మళ్ళీ పిలిపించవలసినదిగా ప్రార్థించుచున్నాను. పలకడానికి ఆవిడ దూరం నించి రానక్కర్లేదు. ఆ నాటినించి కోర్టు ఉన్న ప్రతిరోజూ దుకాణం మూసుకుని, పిల్లని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మం పక్కనే నిలబడుతోంది. కేసు ఈ రోజు లేదమ్మా అన్నా కదలదు. బెంచీ మీద కూర్చోమని చెప్పడానికి ఇప్పుడు నాకు మొహం లేదు.

నా ఉద్యోగం విషయమై తమ చిత్తం. డాక్టరు గారి కాగితం జతపరిచాను. అందులో రంధ్రములు ఎన్నో, ఒక్కొక్కటి ఎంతో రాసి ఉంది. గొంతు ఎంత దూరం వెళుతుందో మాత్రం లేదు. అది కింద తాజా కలంలో రాశాను.

చెవికి అందని సంగతులు కంటికైనా అందునని కాగితము మీద పెట్టితిని. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పిలుపుల అటెండరు,
ఉరఫ్ మైకు

తా.క.: నిజానికి ఇంత రాయాలనుకోలేదు. నోటితోనే రెండు ముక్కలు చెప్పుకుందామని, నిన్న మధ్యాహ్నం తమరు మెట్లు దిగి కారు దగ్గరికి వెళ్తుంటే, ఆ మెట్ల పక్క బెంచీ దగ్గర నిలబడి పిలిచాను. వాన లేదు. జనం కూడా లేరు. 'అయ్యా' అని ఒకసారి పిలిచాను. రెండోసారి పిలిచాను. మూడోసారి మెడ మీద మచ్చ అదిమిపట్టుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి పిలిచాను. తమరు తిరిగి చూడలేదు. కారెక్కి వెళ్ళిపోయారు. మన నిబంధన ప్రకారమైతే తమరు ఆ పూట కోర్టులో లేనట్టు రాసుకోవాలి. కానీ తమరు ఉన్నారయ్యా. నేను చూస్తూనే ఉన్నాను.